ఒక్క కుర్చీ చాలన్నారు

మా మేనకోడలు స్వాతి పోయిన ఆదివారం పిల్లల్ని తీసుకుని వచ్చింది. దాని చిన్నది ఇల్లంతా ఒక చుట్టు చుట్టి, కిటికీ కింద ఉన్న పొట్టి కుర్చీ చూసి, అది తనకోసమే చేయించి పెట్టారనుకుని ఎక్కి కూర్చుంది. "దిగమ్మా, దిగు దిగు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, పిల్ల బిక్కమొహం వేసుకుని వాళ్ళమ్మ వెనక్కి పోయింది. "ఏంటి మావయ్యా నువ్వు! చిన్నపిల్ల కూర్చుంటే అరిగిపోద్దా? నువ్వు కూర్చోవు, ఇంకొకళ్ళని కూర్చోనివ్వవు. డొనేట్ చేసెయ్, లేదంటే నేనే కార్లో వేసుకుని పోతా" అని స్వాతి విసుక్కుంది. నేను మాట మార్చి పిల్లలకి జంతికలు పెట్టాను. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ కుర్చీ దగ్గరికెళ్ళి వంగి కాళ్ళు తడిమాను. దాని కాళ్ళు కోసింది నేనే. మామూలు భోజనాల కుర్చీ అది. రంపం పట్టి జానెడెత్తుకి కోసి, చివరలు గరుకు కాగితంతో రుద్దాను. అది ఎందుకు కోశానో, ఎవరికి వెయ్యకుండా దాచానో రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. రాయకుండా తప్పించుకుంటున్నాను కూడా.

నాకు బాల్యం రెండుసార్లు వచ్చింది. మొదటిది తెనాలి పక్కన, రెండోది యాభై దాటాక మిషిగన్‌లో. స్వాతి వాళ్ళమ్మ, మా చెల్లెలు సుబ్బులు స్పాన్సర్ చేస్తే, భార్య పోయి ఒంటరిగా ఉన్న నేను నోవై అనే ఊరొచ్చి పడ్డాను. విమానాలతో ఆ ఎత్తయిన జంట మేడలు కూల్చిన ఏడాది అది. మన రంగులో ఉండి గడ్డం పెంచుకున్న ప్రతివాడినీ జనం అనుమానంగా చూసే రోజులు. మంచు మీద నడవడం, తలుపు తోసి పట్టుకుని వెనకవాడికి అందించడం, ఎదురైన ప్రతివాడినీ ఎలా ఉన్నావని అడిగి జవాబు వినకుండా పోవడం, ఇవన్నీ పసిపిల్లాడిలా నేర్చుకున్నాను. బళ్ళో నేను చదివింది ఏడో తరగతి దాకానే. ఆ తర్వాతదంతా గుంటూరులో హోటల్ వంటింట్లో పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలు విప్పి చదువుకున్న చదువు. అందుకని డిగ్రీలున్నవాళ్ళు ఏదన్నా తెలివితక్కువ మాట అంటే నాకు ఒళ్ళు మండుద్ది. ఆ మంట ఈ వయసులోనూ చల్లారలేదు. అయితే ఆ మంటంతా ఎప్పుడూ ఎదుటివాడి మీదికే పోయేది. అదీ నా జబ్బు.

మా బావగారు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆయన ఆఫీసులో ఒకాయన చెబితే, నోవై నుంచి అరగంట దూరంలో ఉన్న యూదుల గుడిలో వంటింటి పని దొరికింది. సినగాగ్ అంటారు, నేను మాత్రం మొదటి రోజు నుంచీ గుడి అనే అన్నాను. ఆ వంటింట్లో కాలు పెట్టగానే ఇదేదో నాకు తెలిసిన లోకమే అనిపించింది. మాంసానికి ఒక వైపు, పాలకి ఒక వైపు. గిన్నెలు వేరు, గరిటెలు వేరు, తొట్లు వేరు, తడి తుడిచే తువ్వాళ్ళు కూడా వేరు. ఎర్ర చారలది మాంసానికి, నీలం చారలది పాలకి. ఒకటి పొరపాటున రెండో దాంట్లో పడిందా, మైలే. మా హోటల్లో సోమయాజులుగారని మడి వంటాయన ఉండేవాడు, ఆయన దగ్గర తిట్లు తిన్నవాడికి ఇదొక లెక్కా? అక్కడ పనిచేసినన్నేళ్ళూ నేను ఎర్రదీ నీలందీ కలపలేదు. ఆ మాట గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోను.

పొయ్యి మాత్రం నేను వెలిగించకూడదు. యూదుడి చెయ్యి పడాలి. అందుకని రోజూ పొద్దున్నే మోరీ అనే పెద్దాయన వచ్చి పొయ్యి వెలిగించేవాడు. కార్ల ఫ్యాక్టరీలో అచ్చులు చేసి రిటైరైనవాడు, భార్య పోయింది, పిల్లలు ఎక్కడో దూరాన ఉన్నారు. నెత్తిన గళ్ళ టోపీ, జేబులో పిప్పరమెంట్లు, ఒంటికి ఉప్పుచేప వాసన. గుడి వ్యవహారమంతా ఆయన చేతుల మీద నడిచేది. ప్రార్థనలో ఎవర్ని ముందుకి పిలవాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరన్నా పోతే ఏం చెయ్యాలి, అన్నీ ఆయనే. నా పేరు చివర రావు పట్టుకుని నన్ను "రావ్" అనేవాడు. "రావ్ అంటే మా భాషలో గురువు తెలుసా? మా గుడికి ఇద్దరు గురువులు, పైన ఒకడు, వంటింట్లో ఒకడు. పైవాడి ఉపన్యాసం కన్నా కిందవాడి సూపు నయం" అని తనే నవ్వేవాడు. శుక్రవారం పొద్దున ఉల్లిపాయలు వేగే వాసన, గుడ్లు పూసి జడలా అల్లిన రొట్టెలు కాలే వాసన, కోడి సూపులో సోయికూర వాసన. ఆ మూడు వాసనలూ కలిస్తే ఇప్పటికీ నాకు మోరీ దగ్గు వినపడుద్ది. కుర్చీలు కోయించిందీ ఆయనే. చావు జరిగిన ఇంట్లో దుఃఖంలో ఉన్నవాళ్ళు ఏడు రోజులు నేలకి దగ్గరగా కూర్చోవాలని వాళ్ళ ఆచారం. ఆ ఏడు రోజులూ వాళ్ళు ఒక్క పనీ చెయ్యకూడదు, ఊరు వాళ్ళకి వండి పెట్టాలి. పాత కుర్చీలు గుట్టగా పడుంటే, ఒక వేసవిలో మేమిద్దరం రంపాలు పట్టి కోశాం. "కొలిచి కొయ్యి రావ్, ఏడ్చేవాణ్ణి ఊగిస్తే బాగుండదు" అన్నాడు.

మిరియం గురించి చెప్పాలి. గుడిలో పిల్లలకి చదువు చెప్పేది. రబ్బీగారి, అంటే ఆ గుడి గురువుగారి గొంతు పాడయ్యాక ప్రార్థనలు కూడా ఆవిడే చేయించేది. ఆ గొంతు విని చేతిలో గరిటె పట్టుకుని నేను తలుపు దగ్గర నిలబడిపోయిన రోజులున్నాయి. టీ కోసమని వంటింట్లోకి వచ్చి, బల్ల మీద నేను విప్పి పెట్టుకున్న పాత పేపరు చూసి, మర్నాటి నుంచి పుస్తకాలు తెచ్చివ్వడం మొదలుపెట్టింది. ఇద్దరం కలిసి చదువుకునేవాళ్ళం, ఆవిడ చేతిలో టీ, నా చేతిలో కూరగాయల కత్తి. లేయా అనే ఆవిడతో కలిసి ఒకే ఇంట్లో ఉండేది. లేయా స్కూలు బస్సు నడిపేది. బొద్దుగా, గట్టిగా మాట్లాడే మనిషి, పెరట్లో నేనిచ్చిన గింజలతో గోంగూర పెంచి, మిషిగన్ వేసవిలో నడుమెత్తు చేసింది. ఒక శుక్రవారం నన్ను భోజనానికి పిలిచారు. దీపాలు వెలిగించాక భర్త భార్యని పొగుడుతూ పాడే పాట ఒకటుంది వాళ్ళకి. ఆ ఇంట్లో ముందు మిరియం లేయాకి పాడింది, తర్వాత లేయా, గొంతు లేకపోయినా, మిరియంకి పాడింది. నేను గుడ్డివాణ్ణి కాను. వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారో ఆ పూట ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది. గుడిలో అందరికీ తెలుసు. తెలిసి, "మిరియం ఫ్రెండ్" అనేవాళ్ళు. లేయా వెనక వరసలో కూర్చునేది. "నాకు రబ్బీ చదువు చదవాలని ఉంది రావ్. కానీ ఆ చదువు చెప్పే మా బడి మాలాంటివాళ్ళని చేర్చుకోదు. పిల్లలకి చెప్పొచ్చట, పాడొచ్చట, రబ్బీ మాత్రం అవకూడదట" అని మిరియం ఒకసారి ఉల్లిపాయలు ఒలుస్తూ అంది. నేను ఆ బడిని తెలుగులో తిట్టాను. ఆవిడ అర్థమైనట్టే నవ్వింది.

లేయాకి జబ్బు చేసి చలికాలం దాటకుండానే పోయింది. ఆవిడకి రక్తసంబంధమని ఉన్నది ఒక అన్న. మిరియంతో ఉంటున్నందుకు చెల్లెలితో ఏళ్ళ తరబడి మాటలు మానేసినవాడు. చచ్చాక మాత్రం చెల్లెలు ఆయన సొత్తయిపోయింది. ఏడు రోజులూ తన ఇంట్లోనే జరగాలన్నాడు. వాళ్ళ శాస్త్రం ప్రకారం దుఃఖం పాటించాల్సింది తల్లి, తండ్రి, బిడ్డలు, తోబుట్టువులు, పెళ్ళాం లేదా మొగుడు. మోరీ వంటింట్లోకి వచ్చి, నా మొహం చూడకుండా చెప్పాడు. "గుడ్లు ఉడకబెట్టు. పప్పు, గుండ్రటి రొట్టెలు. పాల భోజనమే, మాంసం వద్దు. కుర్చీ పట్రా."

"ఎన్ని?" అన్నాను.

"ఒకటి చాలు. అన్న ఒక్కడే కదా."

నా నోటిదాకా వచ్చింది, మరి మిరియంకో అని. నాలుక చివర నిలబడి ఉంది ఆ మాట. కింద గదిలో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వ్యానులో కావలసినంత చోటుంది. వాళ్ళ శాస్త్రం వాళ్ళది, నేను వేరే మతంవాణ్ణి, పెద్దల మధ్య వంటవాడు దూరకూడదు, ఇలా నాకు నేనే ఎన్నో చెప్పుకున్నాను. దేశంలో అన్నిటి మీదా అభిప్రాయం ఉన్నవాణ్ణి, ఆ రోజు అభిప్రాయం లేనివాణ్ణయిపోయాను. పైకుర్చీ ఒక్కటి తీసి భుజాన వేసుకుని వెళ్ళాను.

అన్నగారి ఇంట్లో అద్దాలకి గుడ్డలు కప్పారు. గుమ్మం బయట చెంబుతో నీళ్ళు పెట్టారు, శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు చేతులు కడుక్కోవడానికి, అచ్చం మనలాగే. ఆయన దుఃఖానికి గుర్తుగా చింపిన నల్ల రిబ్బను కోటుకి పెట్టుకుని నా పొట్టి కుర్చీలో కూర్చున్నాడు. జనం వరసగా వచ్చి ఓదారుస్తున్నారు. ఆ వరసలో మిరియం వచ్చింది. చేతిలో నూడుల్స్, పాలు, గుడ్లు కలిపి కాల్చిన వంటకం పళ్ళెం, చుట్టపు చూపుగా వచ్చినవాళ్ళు తెచ్చినట్టు. కాళ్ళకి చూశాను. గుడ్డ బూట్లు. దుఃఖంలో ఉన్నవాళ్ళు తోలు తొడగకూడదని ఆవిడే ఒకసారి నాకు చెప్పింది. ఆ మంచులో గుడ్డ బూట్లు తొడుక్కుని, తడిసి, నల్లబడి, ఎవరూ అటు చూడకపోయినా తన ఆచారం తను పాటించుకుంటూ వచ్చింది. వంతు రాగానే వంగి, ఓదార్చేటప్పుడు అనే మాటలు ఆయనకి అంది. ఆయన "థాంక్స్ ఫర్ కమింగ్" అన్నాడు. లేయా పెళ్ళాంతో ఆ మాట అన్నాడు!

ఆవిడ కూర్చోవడానికి చూసింది. మామూలు కుర్చీలో కూర్చుంటే చుట్టమైపోతుంది. నేల మీద కూర్చుంటే గొడవైపోతుంది. ఒక్క క్షణం గది మధ్యలో అలాగే నిలబడి, నేరుగా నేనున్న వంటింట్లోకి వచ్చి, చొక్కా చేతులు పైకి మడుచుకుని తొట్టి దగ్గర నిలబడింది. "చాలా గిన్నెలున్నాయి రావ్" అంది. నేను వద్దనాల్సింది. వ్యానెక్కి వెనక్కి వెళ్ళి ఇంకో కుర్చీ తేవాల్సింది. నేనేం చేశానంటే, తువ్వాలు అందించాను. ఏడు రోజులు గ్లాసుడు మంచినీళ్ళు కూడా తను ముంచుకోకూడని మనిషి, తన లేయా కోసం వచ్చినవాళ్ళు తిన్న కంచాలు కడిగింది. నేను తుడిచాను, కొన్ని ఆవిడ తుడిచింది. గుడ్డు ఒకటి ఒలిచి చేతిలో పెట్టబోతే, "అవి కుటుంబానికి" అని తల అడ్డంగా ఊపింది.

ఇంటికొచ్చి నేను చేసిన వీరంగం చెప్పాలి. బావగారి ముందు, చెల్లెలి ముందు ఆ అన్నని, మోరీని, వాళ్ళ శాస్త్రాన్ని, అమెరికాని తిట్టిపోశాను. బావగారు టీవీ సౌండు తగ్గించి, "ఎందుకు బావగారూ మీకు? ఆడవాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలేంటి, వాళ్ళలో ఒకావిడ పూజారమ్మ అవుతాననడమేంటి! మీ పని మీరు చేసుకుని రాక" అన్నారు. ఆయన మీదా పడ్డాను, ఇంజనీరింగ్ చదివి నేర్చుకున్నది ఇదేనా అని. అన్నం వడ్డిస్తున్న సుబ్బులు అంతా విని, గరిటె పక్కన పెట్టి, మెల్లిగా అడిగింది. "కుర్చీలు ఎవరు వేశారన్నయ్యా?"

ఆ ప్రశ్న అడగడానికి దానికున్న హక్కు ప్రపంచంలో ఎవరికీ లేదు. మా అమ్మ మా నాన్నకి పెళ్ళాం కాదు. కలిసి బతికారు, మమ్మల్ని కన్నారు, ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట అనరు. నాన్న పోయినప్పుడు ఆయన కట్టుకున్నావిడకి చాప వేశారు. మా అమ్మని కూర్చోబెట్టింది పెరట్లో రుబ్బురోలు దగ్గర. పదోరోజు గారెలకి మినప్పప్పు రుబ్బింది మా అమ్మ. రుబ్బుతూ ఏడవకూడదన్నారు, పిండి పాడవుద్దట. ఏడవలేదు. సుబ్బులూ నేనూ పక్కన కూర్చుని పప్పు ఎగదోశాం. ఆ రోలు చూసి పెరిగినవాణ్ణి, నడివయసులో ఇంకొక మనిషికి రోలు చూపించి వచ్చాను. ఆ రాత్రి అన్నం కలిపానే గానీ తినలేదు. మర్నాడు కుర్చీ తీసుకెళ్ళి ఉండొచ్చు, ఇంకా ఆరు రోజులున్నాయి. వెళ్ళలేదు. సిగ్గుపడడం తేలిక. సిగ్గుపడి లేచి నడవడమే మా వంశంలో లేదనుకుంటాను.

తర్వాత కొన్నేళ్ళకి వాళ్ళ శాఖ పెద్దలు కూర్చుని వాదించుకుని తలుపు తెరిచారు. బడి మిరియంలాంటివాళ్ళని చేర్చుకుంటానంది. నెరిసిన జుట్టుతో వెళ్ళి చిన్నపిల్లల పక్కన కూర్చుని చదివి వచ్చింది. మా గుడిలో పాత రబ్బీ తప్పుకున్నాక ఆవిడని పెట్టుకోవాలా వద్దా అని మీటింగు. నేను వెనక కాఫీ పోస్తున్నాను. "పిల్లలకి ఏమని చెప్తాం?" అని ఒకాయన లేచాడు. "ఆ పిల్లలకి ఇన్నేళ్ళూ చెప్పింది ఆవిడే కదా" అని ఒక తల్లి లేచింది. మోరీని అడిగారు. ముసలాయన టోపీ సర్దుకుని, "నాకిది అర్థం కాదు. నేను చెయ్యెత్తను, దించను. రబ్బీ ఎవరైనా పొద్దున్నే వచ్చి పొయ్యి వెలిగిస్తా" అన్నాడు. జనం నవ్వారు. చేతులెత్తారు. మిరియం రబ్బీ అయింది. మర్నాడు మోరీ పొయ్యి వెలిగించి, మొదటి కప్పు టీ నా చేతికి కాకుండా ట్రేలో పెట్టి తనే పైకి పట్టుకెళ్ళాడు. ముసలి చేతుల్లో సగం మెట్ల మీదే ఒలికింది.

ఆ మోరీ కూడా పోయాడు. చివరి ఏళ్ళలో ఆయనకి గెర్టీ అని ఒకావిడ తోడుండేది. ఈ వయసులో పెళ్ళేంటని చేసుకోలేదు, ఆయన మందులూ సూపూ అన్నీ ఆవిడే చూసేది. చావు కబురు విని కొడుకూ కూతురూ విమానాల్లో దిగారు. వంటింట్లోకి మిరియం వచ్చింది, మోరీ నిలబడే చోటే నిలబడింది. నేను గుడ్లు పొయ్యి మీద పెట్టి, "ఎన్ని కుర్చీలు?" అన్నాను.

"అన్నీ" అంది.

అన్నీ తెచ్చాను. మోరీ ఫ్లాట్‌లో గోడ పొడుగునా పొట్టి కుర్చీలు వేస్తుంటే కొడుకు ఆశ్చర్యపోయాడు. "మేం ఇద్దరమేగా రబ్బీ, ఇన్నెందుకు?" అన్నాడు. "మీరిద్దరూ తప్పనిసరిగా కూర్చోవాలి. మిగతావాళ్ళు కూర్చోవద్దని శాస్త్రంలో నాకెక్కడా కనపడలేదు" అంది మిరియం. గెర్టీ గుమ్మం దగ్గర బ్యాగు పట్టుకుని నిలబడి ఉంది. కుర్చీల వంక, పిల్లల వంక, రబ్బీ వంక చూసింది. తర్వాత వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. కూతురు లేచి వచ్చి ఆవిడ పక్క కుర్చీలోకి మారింది.

గిన్నెలు నేను కడుగుతుంటే మిరియం వంటింట్లోకి వచ్చింది. ఇన్నేళ్ళు మోసిన మాట అప్పుడు అన్నాను. తిన్నగా రాలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ రోజు కింద గదిలో ఇంకా కుర్చీలున్నాయి, నేను తేలేదు, తేవచ్చు, తేలేదు అని. పర్వాలేదు అంటుందనుకున్నాను. మా ఊళ్ళో అయితే అనేస్తారు, ఆ మాట అనిపించుకోవడానికే జనం క్షమాపణ చెప్తారు. ఆవిడ అనలేదు. నా భుజం మీదున్న తువ్వాలు తీసి, మడత విప్పి చూసింది.

"ఆ రోజు నువ్వు నాకు నీలం చారల తువ్వాలు ఇచ్చావు రావ్. పాల భోజనం కదా. అంత గొడవలోనూ పొరపాటు చెయ్యలేదు నువ్వు" అంది.

తిట్టినా అంత తగిలేది కాదు. తువ్వాలు మళ్ళీ నా భుజం మీద వేసి వెళ్ళిపోయింది. కొంచెంసేపటికి జనం పలచబడ్డాక తొంగి చూశాను. కుర్చీలన్నీ నిండలేదు. మిగిలిన దాంట్లో మిరియం కూర్చుని ఉంది. రబ్బీగా కాదు. వీపు వంచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ మీద గుడ్డ కప్పిన అద్దం వైపు చూస్తూ. గుడ్డు ఒకటి ఒలిచి సాసర్లో పెట్టి, ఆవిడ పక్కన నేల మీద పెట్టి వచ్చాను. తిరిగి చూసేసరికి సాసరు ఖాళీ.

గుడి ఇప్పుడు ఇంకో గుడిలో కలిసిపోయింది, ఆ భవనంలో డాక్టర్లు కూర్చుంటున్నారు. సామాన్లు పంచేటప్పుడు మిరియం తనే ఈ కుర్చీ తెచ్చి మా చెల్లెలి కారు వెనక పెట్టింది. బహుమతో శిక్షో అడగలేదు నేను. అందుకే కూర్చోను. ఇప్పుడు లోకం మారిందంటారు. మొన్న స్వాతి స్నేహితురాలు, ఒక తెలుగమ్మాయి, ఇంకో అమ్మాయిని పెళ్ళి చేసుకుంటే మా బావగారే సూటేసుకుని వెళ్ళి, భోజనం బాగుందని మెచ్చుకుని వచ్చారు. మారినవాళ్ళని చూసి నేను సంతోషించాలి. కానీ నాకు తడిసిన గుడ్డ బూట్లే గుర్తొస్తాయి. మారకముందు ఒక మనిషికి పోయిన ఏడు రోజులు ఎవరు తెచ్చిస్తారు?

ఇదంతా రాసి, పెన్ను మూశాక తట్టింది. ఆదివారం ఆ పసిదాన్ని కుర్చీలోంచి దించేసింది ఎవరు? సుబ్బులు బతికుంటే అదే అడిగేది, గరిటె పక్కన పెట్టి. స్వాతికి ఫోన్ చేసి, చిన్నదాన్ని మళ్ళీ తీసుకురమ్మన్నాను. కుర్చీని కిటికీ కింద నుంచి తీసి, దుమ్ము తుడిచి, గది మధ్యలో వేశాను.